నక్క బెదరలేదు

"ఇంకోసారి చూపించు," అంది బర్చిన్.

ఎర్మెక్ ల్యాప్‌టాప్‌లో ఫోటో మళ్లీ తెరిచాడు. అడవిలో చచ్చిన జంతువును ఏవేవి తింటాయో చూడటం అతని ఉద్యోగం. అక్రోటు చెట్ల మధ్య గొర్రె కళేబరం వేసి, ఎదురుచెట్టుకు కెమెరా కట్టాడు. దాని ముందు ఏది కదిలినా ఫోటో తీస్తుంది. ఫోటోల్లో కాకులు పడ్డాయి, రాబందు పడింది, నక్క పడింది. నక్క పక్కన మనిషి పడ్డాడు.

తెల్ల టోపీ. భుజం మీద అతుకు వేసిన కోటు. ఆ అతుకు వేసింది బర్చినే.

"మా ఆయనే. జానిజాక్."

"మొహం సరిగా పళ్లేదు వదినా. పైగా ఆ నక్క చూడు, పక్కనే మనిషుంటే తింటూనే ఉంది."

"అడవి కాపలాలో ముసలాడయ్యాడు. ఆయన్ని చూసి ఏ నక్క బెదురుతుంది?"

జానిజాక్ మంచు పడకముందు అడవికి వెళ్లాడు. వెళ్లేరోజు గొడవ. మళ్లీ ఈ గడప తొక్కొద్దన్నది బర్చినే. మంచు కరిగాక ఊరంతా కలిసి అడవిలో వెతికింది. దొరకలేదు.

అప్పట్నుంచీ అత్త ఉమ్సునాయ్‌ది ఒకటే మాట. "నూనె కాచి నాలుగు పిండి బోర్సోకులు వేయించనీవే. పోయినవాళ్లు ఆ వాసనకే వస్తారు. నా బిడ్డ ఆకలితో తిరుగుతున్నాడేమో."

"బతికున్నవాడికి నూనె కాస్తారా అత్తయ్యా? నా ఇంట్లో బాణలి పొయ్యెక్కదు."

బాణలిని పెట్టెలో పెట్టి తాళం వేసింది. అత్త ఇక అడగలేదు. ఉన్ని ఏకడానికంటూ వారానికోసారి పొరుగింటికి పోవడం మొదలుపెట్టింది.

ఎర్మెక్ ఇంకో రెండు ఫోటోలు తెరిచాడు. అదే మనిషి. తల పైకెత్తి ఊరివైపు తిరిగి ఉన్నాడు.

"అన్నీ గురువారాలే. మిగతా రోజుల్లో రావట్లేదు, ఎందుకంటావ్?"

"గురువారం సంత కదా, ఊళ్లో మగాళ్లుండరు. దొంగలా దిగొచ్చి ఇంటి పొగ చూసుకుని పోతున్నాడు. రోషగాడు. నేనే వెళ్లి పిలవాలి."

బర్చిన్ రొట్టె మూట కట్టింది. చలికోటు తొడుక్కుంటుండగా అత్త వచ్చింది.

"చూడండి అత్తయ్యా, మీ అబ్బాయి. బతికే ఉన్నాడు. గురువారం గురువారం వస్తున్నాడు."

ముసలామె చాలాసేపు చూసింది. కొడుకు ఎత్తిన తలను వేలితో తాకింది. తర్వాత కోడలి చేతిలో మూట తీసి పక్కన పెట్టింది.

"నువ్వు పోవద్దు తల్లీ. గురువారాలు పొరుగింట్లో నేను ఉన్ని ఏకలేదు."

"మరి?"

"నూనె కాచాను."