సరోజ మతిమరుపు

“నాన్నా, ప్లీజ్! డాక్టర్ అడిగింది అమ్మని.”

విద్య చెబితే వాసుదేవరావు వింటేగా? పేరడిగినా ఆయనే, వయసడిగినా ఆయనే. ముప్పై ఏళ్లు న్యూజెర్సీలో గుండె డాక్టరుగా పేరు తెచ్చుకున్న మనిషి, పెళ్లైన నాటి నుంచీ భార్య తరఫున జవాబులన్నీ తనే చెబుతున్నాడు. చివరికి న్యూరాలజిస్ట్ శ్రీధర్ నవ్వుతూనే, “అంకుల్, మీరూ విద్యా కాసేపు బయట కూర్చోండి” అన్నాడు.

బయట విద్య కాలుకాలిన పిల్లిలా తిరిగింది. రెండు నెలలుగా ఎడిసన్‌లోని అమ్మానాన్నల ఇంటి నుంచి ఫోనొస్తే చాలు, భయం. కారు తాళాలు ఫ్రిజ్‌లో దొరికాయి. ఓక్ ట్రీ రోడ్‌లో కూరలు కొని, కారు ఎక్కడ పెట్టారో తెలియక ఇద్దరూ చలిలో తిరిగారు. పాలగిన్నె స్టవ్ మీద మాడి, ఫైర్ అలారం మోగి, పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. “నేనే మరిచిపోయానే” అని సరోజ ప్రతిసారీ తప్పు తన మీదే వేసుకుంది. పరీక్ష చేయించమని పట్టుబట్టిందీ తనే. ఆయన లేకుండా మాత్రం రానంది.

“ఈ కుర్రాడి దగ్గరికి ఎందుకొచ్చామే?” అన్నాడు వాసుదేవరావు. కార్లోనూ ఇదే అడిగాడు.

పెద్ద డాక్టరు కంటికి చిన్న డాక్టరు ఎక్కడ ఆనుతాడు అనుకుంది విద్య. అమ్మని ప్లెయిన్స్‌బరోకి, తన దగ్గరికే తెచ్చేసుకోవాలి. రేపు అమ్మ తనని కూడా గుర్తుపట్టకపోతే? ఆ ఊహకే ఏడుపొచ్చింది.

తలుపు తెరిచి శ్రీధర్ విద్యని ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు.

“గుడ్ న్యూస్. ఆంటీ మెమరీ పర్‌ఫెక్ట్. మొన్నటి స్కాన్ కూడా నార్మల్.”

విద్యకి సంతోషించాలో పోట్లాడాలో తెలియలేదు.

“ఇంపాసిబుల్! మరి ఆ తాళాలు? ఆ స్టవ్? ఇల్లు తగలబడేది, అమ్మా!”

సరోజ కూతురి చెయ్యి పట్టుకుంది.

“ఇక ఆయన్ని పిలువు బాబూ,” అంది డాక్టరుతో. “నా పేరు చెబితే గానీ ఇక్కడిదాకా రాలేదు.”

“అమ్మా, ఏమంటున్నావు నువ్వు?”

“అవన్నీ చేసింది మీ నాన్నే, తల్లీ.”