పంతొమ్మిది చిరునామాలు

"ఈ పంతొమ్మిది మంది రోగులూ పట్నం వాళ్ళు కాదమ్మా. ఏటి అవతలి వాళ్ళు. కాస్త మార్చండి."

ముసలాయన కౌంటరు కిటికీలోంచి మళ్ళీ అదే కాగితం లోపలికి తోశాడు.

క్యాన్సర్ నమోదు కార్యాలయంలో లెక్కలు చూసే ఆమెకు ఒళ్ళు మండింది. ఈ నెలలో ఇది నాలుగోసారి.

"తాతగారూ, ఆసుపత్రి కాగితాల్లో ఏ చిరునామా ఉంటే అదే మేం ఎక్కిస్తాం. మీ ఇష్టమొచ్చినప్పుడు మార్చడానికి ఇదేమన్నా మీ ఇంటి గోడమీద క్యాలెండరా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆయన నొచ్చుకోలేదు.

"వైద్యానికొచ్చి పట్నంలో చుట్టాలింట్లో ఉన్నారమ్మా. ఆ ఇంటి చిరునామానే కాగితాల్లో పడింది. గడపగడపా తిరిగి కనుక్కున్నాను."

"వాళ్ళు మీకేమవుతారు?"

"ఏమీ కారు."

"మరి మీకెందుకండీ ఇంత తాపత్రయం?"

ఆయన కాగితం అక్కడే వదిలేసి, కమ్మీ పట్టుకుని మెల్లగా మెట్లు దిగిపోయాడు.

మళ్ళీ రాలేదు.

పీడ వదిలిందనుకుంది ఆమె. కాగితం సొరుగులో పడేసింది.

ఏడాది చివర, ఎముకల్ని గుల్లచేసే ఒక రక్త క్యాన్సర్ ఏ ఊళ్ళో ఎందరికుందో చూపే పటం తయారుచేస్తుంటే ఆమె చెయ్యి ఆగింది. పట్నంలో లెక్క బాగా ఎక్కువ. ఏటి అవతల ఏడు పల్లెల్లో సున్నా. పదిహేనేళ్ళుగా సున్నాయే.

అంతమంది పెద్దవాళ్ళున్నచోట ఒక్కరికీ రాకపోవడమేమిటి?

సొరుగు లాగింది. రెండు వారాలు ఫోన్ల మీద ఫోన్లు చేసింది.

ఆ కాగితంలో ఒక్క చిరునామా తప్పు లేదు. పంతొమ్మిది మందీ యాభై దాటినవాళ్ళే. పద్నాలుగురు మగవాళ్ళు. సగానికి పైగా పొలాల్లో పురుగుమందు కొట్టినవాళ్ళు. నడుంనొప్పే కదా అని ఏళ్ళ తరబడి తైలం రాసుకుంటూ, ఎముక విరిగాకగానీ పెద్దాసుపత్రి మొహం చూడనివాళ్ళు.

పటం మారింది. వారానికోసారి ఆ పల్లెలకు డాక్టరూ, రక్తపరీక్షలూ వెళ్ళసాగాయి. మొదటి నెలలోనే ముగ్గురికి జబ్బు తొలిదశలో బయటపడింది.

పై అధికారి ఆమెను అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

కాగితం అడుగున ముసలాయన రాసుకున్న చిరునామా ఉంది. ఆ సాయంత్రమే వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన భార్య తలుపు తీసింది.

"ఆయన పోయి ఎనిమిది నెలలైందమ్మా. గుండెపోటు."

ఆమె గుమ్మంలోనే నిలబడి జరిగిందంతా ఆవిడకు చెప్పింది.

"నలుగురిలో ఆయన్ని నవ్వులపాలు చేశానండీ."

"ఊరుకోమ్మా. 'ఆ అమ్మాయి ఇవాళ కాగితం తిరిగివ్వలేదు' అని సంబరంగా చెప్పారు. ఆ పూట కడుపునిండా తిన్నారు."

"ఏటి అవతల మీవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. రిటైరయ్యేదాకా ఆయన ఏరు దాటిందే లేదు."

"మరి ఎందుకండీ అంత తిరిగారు?"

పెద్దావిడ అరచేత్తో కళ్ళు ఒత్తుకుంది.

"పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్ళు రోగుల చిరునామాలు రాసింది ఆయనేనమ్మా, 'మీది ఏ ఊరు' అని అడగకుండా, 'పట్నంలో ఎక్కడ దిగారు' అని అడిగి."