అంగకో రాయి

“బేగి రాయే తవిటీ, వానొచ్చేస్తన్నాది!” లాన్‌లో ఆఖరి పలకరాయిని కాలితో తొక్కి, సోములు అరుగు మీదున్న పెళ్లాన్ని కేకేశాడు.

తడి గడ్డిలో జారి కాలు విరిగాక తవిటమ్మ గుమ్మం దిగలేదు. కట్టు విప్పినా భయం పోలేదు. అది చూడలేక సోములు పొద్దున్నుంచీ కుదురు లేకుండా గడ్డి చెక్కి, తన అంగకో రాయి చొప్పున గేటు దాకా దారి వేశాడు.

మొదటి రాయి మీద నిలబడ్డ తవిటమ్మకి రెండోది అందలేదు. చాపిన కాలు చటుక్కున వెనక్కి తీసుకుంది.

“ఎవులికేసినావు మావా ఈ దారి? ఒంటెకా?”

“నా అంగంటే ఏటనుకున్నావే! నౌపడలో తప్పిపోయిన రైలుని నడిసెళ్లి తరవాత స్టేషన్లో ఎక్కినోణ్ణి!”

“ఎరుగుదును. పెళ్లైన కొత్తలో శ్రీముఖలింగం జాతరకి నువ్వు నడిసినావు, నాను పరిగెట్టినాను. దారంతా నీ ఈపే సూసినాను.”

సోములు నోట్లో తయారుగా ఉన్న ఇంకో కోత అక్కడే ఆగిపోయింది. ఆ రోజు ఆమె పక్కనే ఉందనుకుని, దారి పొడుగునా కబుర్లు చెప్పాడు కూడా.

గునపంతో రెండో రాయి పెకలించాడు. “నా బుజం పట్టుకో. కాలెంత దూరం అందితే అక్కడే పెడతాను.”

ఒక్కో రాయీ దగ్గరికి జరిగింది. గేటు అల్లంత దూరముండగానే రాళ్లు అయిపోయాయి. సోములు వెనక్కెళ్లి, ఆమె దాటొచ్చిన మొదటి రాయి పీకి గుండెకెత్తుకున్నాడు. చినుకు పడింది.

తవిటమ్మ వెనక్కి తిరగనేలేదు. “బేగి రా మావా, వానొచ్చేస్తన్నాది!”

ఆమె వీపు చూస్తూ సోములు పరుగందుకున్నాడు.