మీటరు తిరగని కారు

"ఆగాగు! చెయ్యి తుడుచుకున్నావా?"

కారు తలుపు మీద వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. భార్య వెనక్కి తిరిగి భర్త వంక చూసింది. తను నడిపే స్కూలు వ్యానులో పిల్లల్ని దింపొచ్చి, దాన్ని గేటు పక్కన ఆపి, కాఫీ కూడా తాగకుండా నేరుగా షెడ్డులోకి వచ్చిందామె. ఎర్రటి స్పోర్ట్స్ కారు అప్పుడే ఇంటికి చేరింది. సెకండ్ హ్యాండే అయినా కళ్ళు చెదిరేలా ఉంది.

"ఒక్క రౌండండీ. హైవే దాకా వెళ్ళొచ్చేద్దాం. నేను తోలతాను. అంతమంది పిల్లల్నేసుకుని ఆ డొక్కు వ్యాను గేర్లు మార్చీ మార్చీ నా భుజం పడిపోతోంది. ఒక్కసారి దీన్ని తోలితే ఆ నొప్పంతా మర్చిపోతాను."

"బాగానే ఉంది! దీన్ని తిరగడానికి కొన్నాననుకున్నావా? అమ్మడానికి కొన్నాను. ఈ మోడలు ఇక రాదు. కదపకుండా రెండేళ్ళు ఉంచితే రేటు ఎక్కడికో పోతుంది. మీటరు తిరిగిందంటే మన డబ్బు కరిగినట్టే."

"కదలని కారు ఎందుకండీ? దానికంటే కుర్చీ నయం, కూర్చోనైనా కూర్చోవచ్చు."

"నీకు తెలీదులే," అంటూ తలుపు మీద పడిన ఆమె వేలిముద్రల్ని తుడిచేశాడతను. కళ్ళద్దాల షాపు అతనిది. అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ ఎప్పుడూ జేబులోనే ఉంటుంది.

చుట్టాల్లో అతనికి 'రీసేల్ బావ' అని పేరు. ఫ్రిజ్ మీద స్టిక్కరు పీకనివ్వడు, సోఫా మీద ప్లాస్టిక్ కవరు తియ్యనివ్వడు. రేపు అమ్మితే రేటు రావద్దూ! "మా అక్కని చేసుకునేటప్పుడు కూడా రీసేల్ చూసుకున్నావా బావా?" అని బామ్మర్ది ఓసారి అడిగేశాడు. అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

కారు సంగతి ఆమె మళ్ళీ అడగకపోలేదు. వాన వెలిసిన సాయంత్రం అడిగితే బురదన్నాడు. సెలవు రోజున అడిగితే పెట్రోలు దండగన్నాడు. తన పుట్టినరోజున అడిగితే వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు. ఆ తర్వాత అడగడం మానేసింది. పోనీలే, ఇన్నాళ్ళకి అర్థం చేసుకుంది అనుకున్నాడతను.

అతను లెక్క వేసినట్టే రేటు పెరిగింది. ఆమె వ్యాను తీసుకుని వెళ్ళిన వేళ కొనేవాడు వచ్చాడు. బట్టతల మనిషి. బోనెట్ ఎత్తి చూశాడు, టైర్లు నొక్కి చూశాడు.

"లాగుడెలా ఉంటుంది సార్?"

"ఏమో మరి."

"మలుపుల్లో పట్టుంటుందా?"

"నేనెప్పుడూ తోలలేదండీ."

బట్టతలాయన అతన్ని ఎగాదిగా చూశాడు. బేరం మాత్రం క్షణాల్లో కుదిరిపోయింది.

"అమ్మేశాను! పెట్టినదానికి సగం లాభం!" సాయంత్రం భార్య వ్యాను దిగుతుండగానే ఎదురెళ్ళి చెప్పాడు. ఆమె ఖాళీ షెడ్డు వైపు ఓసారి చూసింది.

"మంచిదేలెండి," అని లోపలికెళ్ళి కూరలు తరగడానికి కూర్చుంది.

"ఇంత డబ్బొచ్చింది కదా, ఎక్కడికైనా వెళ్ళొద్దామా?"

"ఎందుకండీ, పెట్రోలు దండగ."

అది తన మాటే. ఎత్తిపొడుపు కాదు, ఆ గొంతులో కోపం కూడా లేదు. ఉంటే బాగుండేదనిపించింది. ఆ పూట అన్నం సహించలేదతనికి. తర్వాత రోజుల్లో షాపుకి వెళ్తూ వెళ్తూ షెడ్డు దగ్గర ఆగేవాడు. నేల మీద టైర్లు నిలిచిన చోట నాలుగు నల్లటి మచ్చలు మిగిలాయి. అమ్మినందుకు కాదు, ఉన్నన్నాళ్ళూ ఆమెకి ఒక్కసారైనా తాళం చెవి ఇవ్వనందుకు తనని తనే తిట్టుకునేవాడు. లాభం బ్యాంకులో పడింది. నష్టం మాత్రం ఇంట్లోనే తిరుగుతోంది.

ఓ రోజు షాపుకి కళ్ళజోడు కోసం వచ్చినాయన మాటల్లో చెప్పాడు, ఆ ఎర్ర కారు కొన్నతను దాన్ని గంటల లెక్కన అద్దెకి తిప్పుతున్నాడని. అంతే, షట్టరు దించేసి పరుగున వెళ్ళాడు.

"ఓ గంట కావాలండీ. మా ఆవిడకి చెప్పకుండా ఇంటి ముందు ఆపి, తాళం చెవి చేతిలో పెడతాను."

బట్టతలాయన నవ్వాడు. "ఇల్లు కాలాక బావి తవ్వుతున్నారా సార్! కూర్చోండి. బండి బయటికెళ్ళింది. ఒకావిడ తీసుకెళ్ళింది. తరచూ వస్తుంటుంది. ఏం తోలుతుందండీ! ఆవిడ చేతిలో బండి చేపలా జారిపోతుంది."

"ఒక్కతేనా?"

"ఒక్కతే. పాపం, భర్త పోయాడట. ఆయనున్నప్పుడు సాయంత్రమైతే చాలు, తను పక్కన కూర్చుని 'నువ్వే తోలు' అనేవాడట. ఎంత దూరం పోయినా 'ఇక చాలు' అనేవాడే కాదట. ఆయన్ని తలుచుకోవడానికే వస్తానంటుంది."

ఆ పోయినవాడెవడో గానీ, బతికున్న తనకంటే వెయ్యి రెట్లు నయమనుకున్నాడతను.

"ఆవిణ్ణి తొందరపెట్టకండి," అన్నాడు మెల్లగా. "ఇంకో గంట తిరుగుతానంటే తిరగనివ్వండి. ఆ అద్దె నేనిస్తాను."

"మీరే చెప్పండి ఆ మాట. అదుగో, వచ్చేసింది."

ఎర్ర కారు గేట్లోంచి మెత్తగా మలుపు తిరిగి వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. గాలికి రేగిన జుట్టు వెనక్కి తోసుకుంటూ, తనలో తనే నవ్వుకుంటూ దిగింది, అతని భార్య.