కుడివైపు చూసే చేప

మ్యూజియం అధికారి ప్రింగిల్ భూతద్దం బయటికి తీయగానే క్లెమెంట్ తన కుర్చీని వెనక్కి జరిపాడు.

బల్ల మీద పాత వెదురు గాలపు కర్ర ఉంది. దాని ముక్కలను కలిపే ఇత్తడి పొన్ను మీద గోరంత సాల్మన్ చేప ముద్ర.

"మా తాత రెన్విక్ ముద్రే," అంది క్లెమెంట్ భార్య మేవిస్. "నా ఏడో పుట్టినరోజుకి తన చేత్తో చేసిచ్చాడు. ఎప్పుడో పోయిందనుకున్నా. మొన్న పిన్ని చనిపోయాక వాళ్ళ అటక మీద దొరికింది. ఆయన చేసినవి మీ మ్యూజియంలో ఉన్నాయిగా, వాటి పక్కన పెట్టండి. నాకేమీ ఇవ్వక్కర్లేదు."

ఆ చేపను చూసిన పూట నుంచి క్లెమెంట్‌కు సరిగ్గా నిద్ర లేదు. మ్యూజియం ఎందుకు, మన గోడకే తగిలిద్దాం అన్నాడు. మోకాలు నొప్పన్నాడు. ట్వీడ్ నది పొంగింది, దారి బాగుండదన్నాడు. అలా రెండు వారాలు నెట్టాడు. ఈ ఉదయం మేవిస్ కారు తాళాలు తనే తీసుకుంది.

"పన్ను పీకించుకోడానికి వచ్చినవాడిలా ఆ కూర్చోడమేంటి?" మోచేత్తో పొడిచింది. "టీ తాగు. నిన్నెవరూ పీకరులే."

అతను నవ్వబోయాడు. కప్పు అందుకుని, తాగకుండానే కింద పెట్టేశాడు.

ప్రింగిల్ అద్దాల బీరువాలోంచి ఒక కర్ర తెచ్చి పక్కన పెట్టాడు. ఇది చూశాడు. అది చూశాడు. లేచి వెళ్ళి ఇంకొకటి తెచ్చాడు. క్లెమెంట్ తలుపు వైపు చూసి, కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"మీ చేప కుడివైపు చూస్తోందమ్మా," అన్నాడు ప్రింగిల్ చివరికి. "మా దగ్గరున్న పదకొండూ ఎడమవైపే చూస్తాయి. రెన్విక్ గారు జీవితమంతా వాడింది ఒకటే అచ్చు."

"అయితే?"

"రెండూ నిజం కాలేవు కదా."

ప్రింగిల్ భూతద్దం బల్ల మీద పెట్టాడు.

"పదకొండిటి ముందు ఒక్కటి ఎలా నిలుస్తుంది చెప్పండి? మీ తాతగారు దీన్ని ఎక్కడో కొని, తనే చేశానని మీతో అని ఉంటారు. నొచ్చుకోకండి."

మేవిస్ ముఖం పాలిపోయింది. కర్రను ఒకసారి నిమిరింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"మా తాత నాకు అబద్ధం చెప్పాడంటావా, క్లెమ్?"

ఆమె కళ్ళలోకి చూడటానికి అతనికి ధైర్యం చాలలేదు.

"పిల్లల్ని మురిపించడానికి పెద్దవాళ్ళు ఏదో ఒకటి అంటారు, మేవిస్. పద, ఇంటికి పోదాం."

ముప్పై ఏళ్ళ కిందట, రెన్విక్ పాత ప్రకటన ఒకదానిలోని కుడివైపు చేపను ఉన్నదున్నట్టు ఉక్కు అచ్చు మీద చెక్కి, కొడితే అది ఎడమవైపుకు తిరుగుతుందని తట్టక, మ్యూజియంలోని ఆ పదకొండు పొన్నుల మీదా, అవి రెన్విక్ చేసినవేనని నమ్మించడానికి, ముద్ర వేసింది క్లెమెంటే.