గోడ పాడే జోలపాట

ఇళ్లలో దెబ్బలు తిన్న పిల్లల్ని తెచ్చి ఉంచే ఆ రక్షణగృహంలో మొదటిరోజు ఎవరికైనా అమ్మ గొంతు వినిపించాల్సిందే. ఈ రోజుల్లో ప్రతి ఇంటి గోడా అన్నీ విని దాచుకుంటుంది కదా, అమ్మ అన్న మాటల్లోంచి తియ్యనివి ఏరి ఇక్కడి గోడ జోలపాట కడుతుంది. ఎంత ఏడ్చే పిల్లలైనా దానికి సద్దుమణగడం ఆయా వరాలమ్మ కళ్లారా చూసింది.

అందుకే, వెక్కుతున్న ఆరేళ్ల లిఖితకి నాలుగు ముద్దలు తినిపించి, పడుకోబెట్టి, గోడకున్న మీట నొక్కింది.

"జోజో, బంగారుతల్లీ," అంది గోడ, వాళ్లమ్మ గొంతుతో.

లిఖిత ఏడుపు టక్కున ఆగింది. మంచం దిగి, వాతలు తేలిన వీపు గోడకి ఆనించి, మోకాళ్లు వంచి గోడకుర్చీ వేసింది.

వరాలమ్మ గబగబా పాట ఆపేసింది. "లెగమ్మా. ఇక్కడ నిన్నెవరూ ఏమనరు."

ఎత్తుకోబోతే పిల్ల బిగుసుకుపోయింది.

"అమ్మ ఇంకా చాలన్లేదు, ఆయమ్మా."

పిల్ల తొడలు వణుకుతున్నాయి. దిక్కుతోచక వరాలమ్మ మళ్లీ మీట నొక్కి, అమ్మ గొంతుతో 'చాలు' అనమని గోడని బతిమాలింది.

గోడ వెతికింది. ఆ ఇంట్లో ఆ మాట దొరకలేదని చెప్పి, జోలపాట మళ్లీ ఎత్తుకుంది.

జారిపోతున్న లిఖిత ఉలిక్కిపడి మోకాళ్లు సరిచేసుకుంది.