ఎవరి తాలూకు మనిషి?

తాపు సరిగ్గా సూర్యప్రకాశం గారి డొక్కలో పడింది.

ఆయనేమీ ఆషామాషీ మనిషి కాదు. పెళ్లికొడుకు పెదనాన్న. పాలకొల్లు నుంచి తెల్లారేసరికల్లా బస్సులో దిగిన మగపెళ్లివారికి పెద్దదిక్కు.

మండపేట కల్యాణమంటపంలో భోజనాలయ్యాయి. అందరూ చాపల మీద వరసగా నడుం వాల్చారు.

ఆయన పక్కన పడుకున్న తెల్లచొక్కా మనిషి కళ్లు తెరవకుండానే "పట్టుకోండి! పట్టుకోండి!" అని కేక పెట్టాడు. చేతులు గాలిలో గిర్రున తిప్పాడు. కుడికాలు బిగించి ఒక్క తాపు తన్నాడు.

"చచ్చాన్రోయ్!"

హాలంతా లేచి కూచుంది.

ఆ మనిషీ లేచాడు. ఒళ్లంతా చెమట.

"తప్పయిపోయిందండి. నిద్రలో చేశానండి. కలలో ఏం చేస్తే ఒళ్లు అదే చేసేస్తుందండి నాకు. జబ్బండి. మందు కూడా వాడుతున్నానండి."

"కల నీది, డొక్క నాదీనా!" సూర్యప్రకాశం గారు నుదురు చూపించారు. "పొద్దున్న చూస్తే ఆ దిక్కుమాలిన బస్సు డ్రైవరు! చీకట్లో బస్సెక్కి హాయిగా నిద్రపోతుంటే ముందు సీటుకి గుద్దుకునేలా బ్రేకేశాడు. ఇదిగో బొప్పి. ఇప్పుడేమో మీవాడు! ఇదేనా బావగారూ మీ మర్యాద?"

పెళ్లికూతురి తండ్రి నాగేశ్వరప్రసాద్ పరుగున వచ్చాడు.

"మావాడేంటండీ? మీ వాడనేగా పనసపొట్టు కూర మారు వడ్డించాను!"

"మావాడా? మా బస్సులో ఈ మొహం నేనెక్కడా చూళ్లేదు."

రెండువైపులవాళ్లూ అతని వైపు తిరిగారు.

"ఏవయ్యా, ఎవరి తాలూకు నువ్వు?"

అతను చెప్పబోయాడు. సూర్యప్రకాశం గారి నుదుటి మీది బొప్పి వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"ఎవరి తాలూకూ కాదండి."

"ఓహో! పిలవని పెళ్లికొచ్చి మారు వడ్డన కూడానా!" ఎవరో నవ్వారు.

"అతన్నేం అనకండర్రా," పెళ్లికూతురి నాయనమ్మ అచ్చాయమ్మ అడ్డొచ్చింది. "గేటు దగ్గర మంచినీళ్లడిగితే రెక్క పుచ్చుకుని బంతిలో కూచోబెట్టింది నేనే. 'జనం మధ్య పడుకోకూడదండి, బయటెక్కడైనా పడుకుంటాను' అని మొత్తుకున్నాడు. మగపెళ్లివారిని బయట పడుకోబెడితే ఊరు ఉమ్మెయ్యదూ? నేనే చాపేసి దిండిచ్చాను."

గోదావరి మనుషులతో వచ్చిన చిక్కే ఇది. వద్దు అన్నా సరే, మొహమాటం అనే అనుకుంటారు.

"మరి ఇంట్లో ఎలా పడుకుంటావు నాయనా?"

"కిందేనండి. చుట్టూ దిండ్లు పేర్చి మా ఆవిడ అవతలి గదిలో పడుకుంటుందండి. ఓసారి కలలో పాము దాన్ని కరవబోతోందని కొట్టానండి. పాము లేదు, దాని చెయ్యి విరిగింది."

"ఇవాళ ఏ పాముని కొట్టావో?"

"కొట్టలేదండి," అన్నాడతను నెమ్మదిగా. "ఆపుతున్నానండి."

సూర్యప్రకాశం గారు చాప మీంచి లేచి కండువా దులిపారు.

"ఈ తన్నినవాడు ఈ మంటపంలో ఉండగా మా పిల్లాడు పీటల మీద కూచోడు. అంతే."

గోధూళికి ముహూర్తం. గుమ్మంలో సగం జడ అల్లించుకున్న పెళ్లికూతురు నిలబడి వింటోంది. నాగేశ్వరప్రసాద్ ఒకసారి కూతుర్ని చూశాడు, ఒకసారి ఆ మనిషిని చూశాడు. చేతులు జోడించాడు.

"బాబూ, నా బిడ్డ పెళ్లి. వెళ్లిపో."

అతను చాప చుట్టి, దిండు దాని మీద పెట్టి వెళ్లిపోయాడు.

అచ్చాయమ్మ మనసు ఊరుకోలేదు. కాజాల పొట్లం కట్టుకుని గేటు దాకా ఆయాసపడుతూ వెళ్లింది. అతనెక్కిన ఆటో అప్పటికే మలుపు తిరిగిపోయింది.

పెళ్లి జరిగిపోయింది.

మర్నాడు అప్పగింతలయ్యాక మనవరాలికి తోడుగా అచ్చాయమ్మ కూడా బస్సెక్కింది. డ్రైవరు సీట్లో కొత్తమనిషి ఉన్నాడు.

"నిన్నటివాడేడయ్యా?" అన్నారు సూర్యప్రకాశం గారు.

"సాల్మనన్నాండి? ఒంట్లో బాలేదని నిన్న మజ్జాన్నమే ఓనరుకి ఫోన్ చేసి వెళ్లిపోయాడండి. ఇంక పెళ్లి బస్సు తోలనన్నాడంట."

"మంచిదే. మా బుర్రలు బతికాయి!"

బస్సులో అందరూ నవ్వారు.

ఆలమూరు దగ్గర కాలవగట్టు మీద బస్సు ఆగిపోయింది. కాలవలో బోర్లాపడిన ట్రాక్టరు ట్రక్కుకి తాళ్లు కట్టి జనం పైకి లాగుతున్నారు. తడిసిన ధాన్యం బస్తాలు గట్టు పొడుగునా ఉన్నాయి.

బస్సును చూడగానే ట్రాక్టరు తోలే సురేష్‌బాబు పరుగెత్తుకొచ్చాడు.

"ఈ బస్సేనండీ! నిన్న మంచులో నేను గట్టెక్కుతుంటే కొక్కెం ఊడి నా ట్రక్కు వెనక్కి, మీ మీదికే దొర్లిపోయిందండి. మీరంతా నిద్రలో ఉన్నారు. డ్రైవరన్న బ్రేకు మీద నిలబడిపోయి బస్సుని ఆపేశాడండి. ట్రక్కు మీ బస్సు ముందు నుంచే కాలవలోకి పోయింది. అదిగో, మీ చక్రం అచ్చు చూడండి, గట్టు అంచునే ఆగింది."

సూర్యప్రకాశం గారు కిటికీలోంచి తొంగిచూశారు. అచ్చు పక్కనే నిండుగా పారుతున్న కాలవ.

"మీకు వినపడలేదు గానీ, స్టీరింగు తిప్పుతూ 'పట్టుకోండి, పట్టుకోండి' అని ఒకటే అరుపండీ ఆయన. తెల్లచొక్కా వేసుకున్నాడు. ఏడండీ? ఒక్కసారి దండం పెట్టుకుంటాను."

అచ్చాయమ్మ ఒళ్లోని నిన్నటి కాజాల పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుంది.

సూర్యప్రకాశం గారి ఒక చెయ్యి నుదుటి బొప్పి మీదికి, రెండో చెయ్యి డొక్క మీదికి వెళ్లాయి. రెండు దెబ్బలూ ఆ ఒక్క కాలివే.